గసాలు కావవి అత్తయ్యా!

తుపాకీకి తాళం వేయాలని అందరికీ తెలుసు. మరి అందులో కూరే మందుకి? అమెరికాలో తూటాలు ఇంట్లోనే చుట్టుకునేవాళ్ల గ్యారేజీల్లోకి, అక్కడి మన తెలుగిళ్లలోకి ఓసారి తొంగి చూస్తే...

జులై మధ్యాహ్నం. డాలస్ శివారు. బయట ఎండ పేలిపోతోంది. మినప్పప్పు సంచీ తెస్తానని గ్యారేజీలోకి వెళ్లిన మా మిత్రుడి అత్తగారు ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్లి చూస్తే పనిబల్ల ముందు నిలబడి ఉన్నారు. చేతిలో ఖాళీ అయిన ఆవకాయ సీసా. అందులో సగం దాకా నల్లటి సన్నటి గింజలు. వెలుగుకి ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నారు.

"ఏం బాబూ, ఈ ఊళ్లో గసాలు ఇంత నల్లగా ఉంటాయా?"

మిత్రుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అవి గసాలు కావు అత్తయ్యా. ముందు కింద పెట్టండి. మెల్లిగా."

ఆవిడ పెట్టలేదు. మూత తిప్పి వాసన చూశారు. నలభై ఏళ్లు ఊరగాయ జాడీలతో కాపురం చేసిన ముక్కు మరి. "ఏదైతేనేం గానీ, ఇది పాడైపోయింది. పుల్లటి ఘాటు కొడుతోంది. మూతకి చూడు, తుప్పులాగా ఎర్రటి పొడి!"

అది తుపాకి మందు. పొరుగింటి ముసలాయన ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ పనిసామానుతో పాటు ఇచ్చిపోయాడు. డబ్బా సొట్టపడి తుప్పు పట్టిందని, మావాడు దాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ఆవకాయ సీసాలోకి మార్చాడు. తేమ తగలకూడదని మూత బిగించాడు. గ్యారేజీలో అలమర మీద పెట్టాడు. బాగా చదువుకున్నవాడు, జాగ్రత్తపరుడు. భద్రంగానే దాచాననుకున్నాడు. ఆ ఒక్క సీసాలో ఎన్ని తప్పులున్నాయో ఆ సాయంత్రం కూర్చుని లెక్కపెట్టుకున్నాం.

గురివింద గింజ లెక్క

తూటా అంటే ఒకే ముక్క అనుకుంటాం. నిజానికి నాలుగు. పైకి కనిపించే ఇత్తడి గొట్టం, దాని అడుగున చిటికెనవేలి గోరంత కూడా ఉండని ప్రైమర్ అనే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర సీసం గుండు. తుపాకీలోని సూది ప్రైమర్‌ని పొడిస్తే నిప్పురవ్వ పుడుతుంది, మందు భగ్గుమంటుంది, గుండు దూసుకుపోతుంది. మిగిలేది ఇత్తడి గొట్టం. ఖరీదైన భాగమూ అదే. దాన్ని కడిగి, సాగిన ఒంటిని మళ్లీ సరిచేసి, కొత్త ప్రైమర్ నొక్కి, మందు తూచి పోసి, గుండు బిగిస్తే తూటా మళ్లీ సిద్ధం. దీన్నే రీలోడింగ్ అంటారు. ఒకే గొట్టాన్ని ఇలా పలుమార్లు వాడుకోవచ్చు.

అమెరికాలో వేటగాళ్లకీ, గురి పోటీలకి వెళ్లేవాళ్లకీ ఇది దశాబ్దాల అలవాటు. కొందరికి పొదుపు, కొందరికి పిచ్చి. మందుని గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకి 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజలతో బంగారం తూచిన పద్ధతే. మావాడి బల్ల మీద నీలంరంగు ప్రెస్సు, బుల్లి త్రాసు, వరసగా డబ్బాలు చూస్తే అగసాలి కొట్టే గుర్తొచ్చింది.

2020లో కరోనాతో పాటు అక్కడ తూటాల కరువూ వచ్చింది. ప్రైమర్లు దుకాణాల్లో నెలల తరబడి కనిపించలేదు. దొరికినవాళ్లు దొరికినన్ని కొన్నారు. పెళ్లికి పంచదార దాచినట్టు దాచారు. ఆ కొన్న సరుకు చాలా ఇళ్లలో ఇప్పటికీ అటకల మీదా, గ్యారేజీల్లోనూ ఉంది.

ఇందులో మనవాళ్ల సంగతేమిటంటారా? ప్యూ రీసెర్చ్ 2023లో చేసిన సర్వే ప్రకారం అక్కడ పెద్దవాళ్లలో 32 శాతం మందికి సొంత తుపాకీ ఉంది. తుపాకీ ఉన్న ఇంట్లో ఉంటున్నవాళ్లు పదిమందిలో నలుగురు. అలాంటి ఊళ్లో పాతికేళ్లుగా ఉంటున్న తెలుగువాళ్లు దానికి పూర్తిగా దూరంగా ఎలా ఉంటారు? శనివారం షూటింగ్ రేంజికి వెళ్లడం, ఆదివారం బిర్యానీ దగ్గర ఆ కబుర్లు చెప్పుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. విద్యార్థి వీసా, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ ఉంచుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం. కానీ అందులోనే ఓ మినహాయింపు ఉంది: చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే ఉంచుకోవచ్చు. ఈ సందు చాలామంది కుర్రాళ్లకి తెలుసు. 2024 చివర్లో ఓ తెలుగు విద్యార్థి సొంత తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయాడన్న వార్త వచ్చినప్పుడు, ఇక్కడి తల్లిదండ్రులు ముందు అడిగిన ప్రశ్న ఒకటే: "చదువుకోడానికి వెళ్లినవాడికి తుపాకీ ఎవరిచ్చారు?" లోపల తూటా ఉన్న తుపాకీని ఎందుకు తుడవబోయాడన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు. తుడిచే బల్ల మీద తూటా అనేదే ఉండకూడదని మొదటి రోజు పాఠంలోనే చెబుతారు.

పేలని టపాకాయ నేర్పిన పాఠం

మళ్లీ ఆవకాయ సీసా దగ్గరకొద్దాం. దీపావళి మర్నాడు పేలని టపాకాయలు ఏరుకోని తెలుగు కుర్రాడు ఉండడు. వాటిని విప్పి, మందంతా కాగితం మీద పోసి అంటిస్తే ఏమవుతుంది? భగ్గుమంటుంది, అంతే. కనుబొమలు కాలచ్చు, చెవులు మాత్రం చిల్లులు పడవు. అదే మందు తాడు బిగించి చుట్టిన బాంబులో ఉంటే వీధి అదిరిపోతుంది. మందు అదే, తేడా బిగింపులో ఉంది. జాతరల్లో ఇనుప గొట్టంలో మందు కూరి పేల్చే ఔట్ల కిటుకూ అదే.

ఇంట్లో మందు దాచే శాస్త్రమంతా ఇక్కడే ఉంది. నమ్మడానికి మాత్రం కొంచెం కష్టం. విలువైనదీ ప్రమాదకరమైనదీ ఏదైనా మనకి వెంటనే ఇనప్పెట్టె గుర్తొస్తుంది. తుపాకీకీ, తయారైన తూటాలకీ అది సరే. వదులు మందుని మాత్రం ఇనప్పెట్టెలో పెట్టకూడదు. ఇంటికి నిప్పంటుకుంటే ఆ పెట్టే పెద్ద బాంబవుతుంది. అందుకే కంపెనీలు మందుని పలచటి ప్లాస్టిక్, అట్ట, రేకు డబ్బాల్లో అమ్ముతాయి. లోపల ఒత్తిడి పెరిగితే ఆ డబ్బా ముందే చీలిపోవాలని అలా చేస్తారు. అందులోని మందుని గాజు సీసాలోకి మార్చి మూత బిగించడమంటే, కుక్కర్‌కి సేఫ్టీ వాల్వు పీకేసి పొయ్యి మీద పెట్టడమే. పైగా పగిలిన గాజు ముక్కలు తూటాల్లాగే ఎగురుతాయి.

అందుకే అమెరికా అగ్నిమాపక నిబంధనలు మందు ఎక్కువైతే చెక్కపెట్టెని అడుగుతాయి. ఉక్కు మంటలో ఎర్రగా కాలి లోపలికి వేడి పంపుతుంది. అంగుళం మందం చెక్క మాత్రం పైపైన మాడుతూ లోపలి సరుకుని కాసేపు చల్లగా ఉంచుతుంది. చివరికి ఒత్తిడి వస్తే కీళ్ల దగ్గర విడిపోయి దారిస్తుంది. ఇంటికి శత్రువులు ఇద్దరు: పిల్లల చేతులు, నిప్పు. మొదటివాళ్లకి గట్టి పెట్టె కావాలి, రెండోదానికి బలహీనమైనది. ఒకే పెట్టెతో ఇద్దరినీ ఆపుదామనుకున్నప్పుడే తప్పు జరుగుతుంది. తెలిసినవాళ్లు చెక్కపెట్టెకి చిన్న తాళం, గది తలుపుకి పెద్ద తాళం వేస్తారు.

[బాక్స్] ఎంత దాచుకోవచ్చు?
అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంస్థ రాసిన ఎన్ఎఫ్‌పీఏ 495 నియమావళి ఇళ్ల గురించి చెప్పేది ఇదీ:
పొగరాని మందు 20 పౌండ్ల (సుమారు 9 కిలోలు) వరకు కంపెనీ డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు.
20 దాటి 50 పౌండ్ల వరకు అయితే అంగుళం మందం గోడలున్న చెక్కపెట్టె తప్పనిసరి.
ప్రైమర్లు 10,000 మించకూడదు.
ఊరిని బట్టి, అపార్టుమెంటుని బట్టి నిబంధన ఇంకా కఠినంగా ఉండొచ్చు. స్థానిక ఫైర్ మార్షల్‌ని అడిగితే చెబుతారు.

సినిమాలో చూపించేది వేరు

గోదాముకి నిప్పంటుకోగానే తూటాలు నలువైపులా దూసుకెళ్లి విలన్ మనుషులు రాలిపోవడం మనం చాలా సినిమాల్లో చూశాం. వాస్తవం అంత రంజుగా ఉండదు. తూటా తయారీదార్ల సంస్థ సామీ, అగ్నిమాపక సిబ్బందికి చూపించడానికి 4 లక్షలకు పైగా తూటాలని తగలబెట్టి, పైనుంచి పడేసి, బుల్‌డోజర్‌తో తొక్కించి వీడియో తీసింది. మంటలో తూటాలు పేలాలు వేగినట్టు టపటపమన్నాయి. కానీ గుండుని ముందుకి తోసే తుపాకీ గొట్టం వెనక లేదు కదా, ఇత్తడి తొడుగు చీలి ఆవిరంతా పక్కలకి పోయింది. ఎగిరిన తునకలు ఫైర్‌మన్ వేసుకునే మందపాటి కోటుని దాటలేకపోయాయి.

కోటు లేనివాళ్ల కళ్లకి, చర్మానికి ఆ తునకలు ప్రమాదమే. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది: తూటాలు నింపిన తుపాకీని అలాగే అలమరలో పెట్టడం. అది మంటలో వేడెక్కితే ఎవరూ మీట నొక్కకుండానే నిజంగా కాలుస్తుంది. దానికి గొట్టం ఉంది మరి. నిప్పులోకి దిగేవాళ్లు భయపడేది దానికే.

ముక్కుతో పట్టేసే రోగం

అత్తగారి ముక్కు పట్టుకున్నదేమిటి? ఇప్పటి తుపాకుల్లో వాడే మందు పాతకాలపు సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్ల తుపాకిమందు కాదు. నైట్రోసెల్యులోజ్‌తో చేసిన పొగరాని మందు. 1884లో పాల్ వియేల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. ఆ నల్ల తుపాకిమందు తడవకపోతే ఎన్నేళ్లయినా ఉంటుంది. చిన్న రవ్వకే అంటుకునే కోపిష్టి అయినా మనసు మార్చుకోదు. ఈ కొత్తది శాంతంగా కనిపిస్తుంది గానీ లోలోపల మెల్లగా కుళ్లుతుంది. కుళ్లేకొద్దీ ఆమ్లపు ఆవిరి విడుస్తుంది. ఆ ఆమ్లం మిగతాదాన్ని ఇంకా త్వరగా కుళ్లబెడుతుంది. దాన్ని పీల్చేయడానికి కంపెనీలు ఓ స్థిరీకరణ పదార్థం కలుపుతాయి. అదున్నంత కాలం మందు క్షేమం. ఎంత వేడిలో ఉంచితే అది అంత త్వరగా అయిపోతుంది. టెక్సస్ గ్యారేజీ, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ మందుకి చావు ఇళ్లే.

మంచి మందుకి నెయిల్ పాలిష్ తరహా వాసన ఉంటుంది. చెడితే ముక్కు మండే పుల్లటి ఘాటు. మూత దగ్గర ఎర్రటి గోధుమరంగు పొడి, డబ్బా లోపలి గోడలకి తుప్పు. చివరికి తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు.

ఈ పాఠానికి ఫ్రాన్స్ చెల్లించిన ధర చాలా పెద్దది. వియేల్ మందు నింపుకున్న ఇయేనా అనే యుద్ధనౌక 1907 మార్చి 12న తూలాన్ రేవులో మరమ్మతులకి ఉండగా పేలి వందమందికి పైగా చనిపోయారు. నాలుగున్నరేళ్లకి, 1911 సెప్టెంబరు 25న అదే రేవులో లిబర్తే అనే మరో నౌక. ఈసారి మృతులు మూడొందలకి చేరువ. శత్రువెవరూ లేరు. పాతబడిన మందు, వేడి గది, అంతే. అప్పుడెప్పుడో అనుకోనక్కర్లేదు. 2012 అక్టోబరులో అమెరికాలోని లూసియానా రాష్ట్రం క్యాంప్ మిండెన్‌లో ఓ పేలుడు జరిగితే పోలీసులు తనిఖీకి వెళ్లారు. పాత ఫిరంగుల మందు దాదాపు కోటిన్నర పౌండ్లు అడ్డదిడ్డంగా పడి ఉంది, కొంత ఆరుబయటే. పక్కనున్న డాయ్లిన్ ఊరిని కొన్నాళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

ఉల్లిపాయ బాంబు చుట్టాలు

మందు కంటే ముందు భయపడాల్సింది ప్రైమర్లకి. మందుకి నిప్పు కావాలి, ప్రైమర్‌కి దెబ్బ చాలు. అది పుట్టిందే అందుకు. 2024 దీపావళి రోజు ఏలూరులో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. స్కూటరు మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబుల సంచీ కుదుపుకి పేలి ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. ఉల్లిపాయ బాంబుకీ ప్రైమర్‌కీ బంధుత్వం ఉంది. రెండూ రాపిడికి, దెబ్బకి లేచేవే. ఒక్కొక్క ప్రైమరూ విడిగా గూట్లో కూర్చునేలా కంపెనీ ట్రేలలో సర్ది అమ్ముతుంది. ఒకటి పేలినా పక్కదానికి అంటకూడదని ఆ దూరం. అడ్డంగా ఉన్నాయని ఆ ట్రేలు పారేసి ప్రైమర్లన్నీ ఓ డబ్బాలోకి వంపితే వంద ప్రైమర్లు ఒకేసారి పేలే వీలు కల్పించినట్టే. వంటింట్లో చోటు మిగుల్చుకోడానికి మనం చేసే సర్దుడు ఇక్కడ పనికిరాదు.

ఇంకో సంగతి. బల్ల మీద మందు ఒలికితే వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు. మోటారు రవ్వలకి అంటుకుంటుంది. చీపురు, చేట చాలు. ఈ మాట చెప్పినప్పుడు అత్తగారు అల్లుడి వైపు చూసిన చూపు మర్చిపోలేను. వచ్చిన రోజు నుంచీ చీపురు కొనమని ఆవిడ చెబుతూనే ఉన్నారట.

మనం చేత్తో తినేవాళ్లం

పేలుడు కనబడుతుంది, సీసం కనబడదు. కాల్చిన ఇత్తడి గొట్టాలకి అంటుకున్న మసిలో సీసం ఉంటుంది. వాటిని మరలో వేసి మెరుగుపెట్టేటప్పుడు లేచే దుమ్ములోనూ ఉంటుంది. ఆ దుమ్ము వేళ్లకి, చొక్కాకి, చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. నేల మీద పాకే పాపాయి నోట్లోకి పోతుంది. పిల్లల నెత్తురులో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021లో గీత గీసింది. అంతకుముందు ఆ గీత 5 దగ్గర ఉండేది. ఫోర్కుతో తినే దేశంలో రాసిన జాగ్రత్తలివి. పెరుగన్నం చేత్తో కలుపుకునే మనం ఇంకో నాలుగింతలు జాగ్రత్తపడాలి. ఆ బల్ల దగ్గర కాఫీ, చిరుతిండి వద్దు. లేచాక సబ్బుతో చేతులు, విడిగా బట్టలు. మైల దూరం పాటించిన తరానికి ఇది చెప్పక్కర్లేదు, మనకే చెప్పాలి.

పిల్లాడి పుట్టినరోజే పాస్‌వర్డ్

ఎన్ని పెట్టెలు కొన్నా తాళం మనిషి చేతిలో ఉంటుంది. నేను చూసిన ఓ ఇంట్లో తుపాకీ పెట్టె నంబరు తాళానికి పెట్టిన అంకెలు కొడుకు పుట్టినరోజు. ఆ అంకెలు ఎవరికి బాగా తెలుసో చెప్పాలా?

2005లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఓ పరిశోధన నాలుగు అలవాట్లని విడివిడిగా చూసింది. తుపాకీకి తాళం, అందులో తూటాలు లేకపోవడం, తూటాలకి తాళం, రెండూ వేర్వేరు చోట్ల ఉండటం. పిల్లల ఆత్మహత్యలు, ప్రమాదాలు జరిగిన ఇళ్లతో పోల్చితే, ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ ముప్పుని తగ్గించినట్టు తేలింది. తూటాల తాళం గురించి ఎక్కువమంది ఆలోచించరు. కానీ కోపమో, నిరాశో కమ్మిన ఆ పది నిమిషాల్లో రెండో తాళంచెవి వెతుక్కోవాల్సి రావడం ఓ ప్రాణాన్ని కాపాడుతుంది. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియని కుర్రాళ్లున్న గదుల్లో మరీనూ. అక్కడ అలాంటి రాత్రి 988కి ఫోన్ చేయొచ్చు, ఇక్కడైతే 14416కి.

చట్టమూ కఠినమవుతోంది. 2021 నవంబరులో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ల కుర్రాడు నలుగురు విద్యార్థులని కాల్చి చంపిన కేసులో, తుపాకీని వాడికి అందకుండా దాచలేదని తల్లిదండ్రులిద్దరికీ 2024లో చెరో పది నుంచి పదిహేనేళ్ల జైలు పడింది.

మనవాళ్లు పిల్లల్ని ఇంకొకరింటికి ఆడుకోడానికి పంపేటప్పుడు "మీ ఇంట్లో కుక్క ఉందా అండీ?" అని ఇట్టే అడుగుతారు. "తుపాకీ ఉందా, దాచారా?" అని అడగడానికి మాత్రం మొహమాటం. అడగమనే అక్కడి పిల్లల వైద్యుల సలహా.

[బాక్స్] జేబులో మర్చిపోయిన తూటా
అమెరికాలో బల్ల మీద తయారయ్యేది మన దేశంలో నేరం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయకూడదు, ఉంచుకోనూ కూడదు. తుపాకీ లేకుండా తూటా ఒక్కటే ఉన్నా సరే. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే సర్దుకుని విమానమెక్కి, అడుగున మిగిలిన ఒక్క తూటా స్కానర్లో కనబడి పోలీసుల పాలయ్యేవాళ్లు ఉంటారు. తెలిసి దగ్గరుంచుకున్నాడా, తెలియకా అన్నది కోర్టు చూస్తుంది. తెలియకే అని తేలితే కొట్టేసిన కేసులూ ఉన్నాయి. ఈలోపు విమానం వెళ్లిపోతుంది, సెలవులూ అయిపోతాయి. రేంజి బ్యాగు రేంజికే ఉంచాలి.

చివరికి ఆ సీసా

మూత వదులు చేసి, ఇంటికి దూరంగా, పెరట్లో నీడలో పెట్టాం. మావాడు అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాడు. అత్యవసర నంబరుకి కాదు, మామూలు నంబరుకి. వాళ్లేమీ కంగారుపడలేదు. ఎంత ఉందని అడిగారు, మనిషిని పంపారు. వచ్చినాయన సీసా చూసి, గ్యారేజీ చూసి, ఎవరు కనిపెట్టారని అడిగాడు. అల్లుడు చేత్తో చూపించాడు. ఆయన ఆవిడకి టోపీ తీసి నమస్కారం లాంటిదేదో చేశాడు. పాడవని మిగులు మందుని కొందరు పచ్చిగడ్డి మీద పలచగా చల్లేస్తారని, అందులోని నత్రజని గడ్డికి ఎరువవుతుందని కూడా చెప్పాడు. తర్జుమా చేసి చెబితే ఆవిడ వెంటనే లేచి తన కరివేపాకు కుండీని పెరట్లోంచి వరండాలోకి మార్చుకున్నారు.

ఆ శనివారం మిగతా డబ్బాల కోసం అంగుళం పలకలతో చెక్కపెట్టె తయారైంది. గ్యారేజీలో కాదు, ఏసీ ఉండే కింది గదిలో, తాళమున్న తలుపు వెనక. అల్లుడు దాని మీద ఇంగ్లిషులో హెచ్చరిక అంటించాడు. సాయంత్రం చూస్తే దాని కింద మార్కర్ పెన్నుతో, గుండ్రటి పెద్ద తెలుగు అక్షరాల్లో ఇంకో మాట ఉంది: "గసాలు కావు".